ఫార్మాట్‌కీ ఉండాలి మొదటి ప్రమాద హెచ్చరిక

మా ఊరు భద్రాచలం దాటాక దుమ్ముగూడెం వైపు, గోదారి ఒడ్డున. వానాకాలం వచ్చిందంటే మా ఇళ్లలో అందరి నోటా మూడే అంకెలు: 43, 48, 53. భద్రాచలం దగ్గర నీళ్లు 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మొదటిదానికే బియ్యం బస్తాలు అటక ఎక్కుతాయి. పాస్‌బుక్కులు, సర్టిఫికెట్లు, ఆధార్ కార్డులు ఒకే కవర్‌లోకి చేరతాయి. 2022 జులైలో గోదారి 71.3 అడుగులకు వచ్చినప్పుడు మేం ఆ కవర్ పట్టుకునే మెరక మీదికి వెళ్లాం. ఏం తీసుకెళ్లాలా అని ఆ రోజు ఎవరూ వెతుక్కోలేదు.

అలాంటి ఇంట్లో పుట్టి కూడా నేను లాప్‌టాప్ ఫార్మాట్ దగ్గర మునిగిపోయా.

కిందటేడు లాప్‌టాప్ బాగా స్లో అయితే ఖమ్మంలో ఒక షాపుకి తీసుకెళ్లా. "డేటా ఏమైనా ఉందా తమ్ముడూ?" అని అడిగాడు ఆ అన్న. "అంతా డి డ్రైవ్‌లో ఉందన్నా, సి కొట్టేయండి" అన్నా గొప్పగా. సాయంత్రానికి ఇచ్చేశాడు. హాస్టల్‌కి వచ్చి ఆన్ చేస్తే డెస్క్‌టాప్ మీద రీసైకిల్ బిన్ ఒక్కటే ఉంది. అక్కడ 'నాయనమ్మ' అని ఒక ఫోల్డర్ ఉండేది. 1986లో గోదారి 75.6 అడుగులు వచ్చినప్పుడు, చిన్నపిల్లాడైన మా నాన్ననీ రెండు మేకల్నీ తీసుకుని గుట్ట ఎలా ఎక్కిందో ఆమె చెప్పిన రికార్డింగ్ అందులో ఉంది. నాయనమ్మ ఇప్పుడు లేదు. రికార్డ్ చేసిన ఫోన్ కూడా లేదు.

డెస్క్‌టాప్ కళ్ల ముందే కనిపిస్తుంది కాబట్టి అదెక్కడో విడిగా ఉంటుందనుకున్నా. మనం మార్చకపోతే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ అన్నీ సి డ్రైవ్‌లోవే. పైగా నాది ఎస్‌ఎస్‌డి. అందులో చెరిపేసిన జాగాని ట్రిమ్ అనే పద్ధతి శుభ్రం చేసేస్తుంది, రికవరీ సాఫ్ట్‌వేర్‌కి దాదాపు ఏమీ దొరకదు. షాపు అన్న తప్పేం లేదు. అడిగాడు, నేనే తప్పు చెప్పా.

అందుకే నేననేది ఒక్కటే: ఫార్మాట్ కొట్టడం వేరేవాళ్లకి అప్పజెప్పొచ్చు, సర్దుకోవడం మాత్రం అప్పజెప్పకూడదు. ఏది ముఖ్యమో మనకి తప్ప ఇంకెవరికీ తెలీదు. "అంతా క్లౌడ్‌లో ఉంటుంది కదా" అంటారు కొందరు. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, జీమెయిల్, ఫొటోలు అన్నీ కలిపి. మా ఊళ్లో ఒక్క గీత సిగ్నల్ మీద ఒక వీడియో ఎక్కించి చూడండి, తెలుస్తుంది.

నేనిప్పుడు మూడు హెచ్చరికల లెక్క పెట్టుకున్నా.

మొదటిది, లిస్టు. వారం ముందు నుంచే కాగితం మీద రాయాలి: ఫైళ్లు, బ్రౌజర్‌లో సేవ్ అయిన పాస్‌వర్డ్‌లు, స్టిక్కీ నోట్స్, వాడే సాఫ్ట్‌వేర్ల పేర్లు. మన క్లబ్ వాళ్లకి ఇంకోటి: పాత కథలు అను ఫాంట్లలో ఉంటే ఆ ఫాంట్లు కూడా దాచాలి. లేకపోతే కథంతా పిచ్చి గుర్తుల్లా కనిపిస్తుంది. యూనికోడ్‌లోకి మార్చుకుంటే ఆ బాధే లేదు.

రెండోది, కాపీ. రెండు చోట్ల ఉండాలి. కాపీ అయింది కదా అని వదలకుండా ఇంకొకరి లాప్‌టాప్‌లో పెట్టి నాలుగు ఫైళ్లు తెరిచి చూడాలి. తెరుచుకోని కాపీ ఉన్నా లేనట్టే.

మూడోది, సామాను. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఇన్‌స్టాలర్, ఇంకో దాంట్లో వైఫై డ్రైవర్. విండోస్ 11 సెటప్ మధ్యలో నెట్ అడుగుతుంది, డ్రైవర్ లేకపోతే అక్కడే ఆగిపోతాం. బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ రాసుకోవాలి, లేకపోతే మన డి డ్రైవ్ మనకే తెరుచుకోదు. మొదలుపెట్టే ముందు బ్యాకప్ డిస్క్ పీకేయండి. ఇన్‌స్టాలర్ చూపించే పార్టిషన్ల లిస్టులో అర్ధరాత్రి ఏది ఏదో పోల్చుకోవడం కష్టం.

ఇవన్నీ అయ్యాక అసలు ఇన్‌స్టాల్ చిన్న పనే. చార్జర్ పెట్టి టీ తాగి రావొచ్చు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. మనలో చాలామందివి సీనియర్ల దగ్గర కొన్నవో, అన్నయ్య వాడినవో. టీపీఎం 2.0 లేని వాటిలో విండోస్ 11 పద్ధతిగా ఎక్కదు, లైనక్స్ వైపు వెళ్లాలి. ఎటు వెళ్లినా ముందు సర్దుకోవడం మంచిది. ఆపరేటింగ్ సిస్టమ్స్ సబ్జెక్టులో బ్యాంకర్స్ అల్గారిథమ్ కంఠతా పట్టాం, మన డెస్క్‌టాప్ ఎక్కడుందో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఫస్టియర్ వాళ్లకైనా ల్యాబ్‌లో ఒక శనివారం ఇది చేయించాలని మా హెచ్‌ఓడీ సార్‌ని అడగాలనుకుంటున్నా. మీరూ అడగండి.

మొన్న సంక్రాంతికి నాన్నని కూర్చోబెట్టి 1986 వరద కథ రికార్డ్ చేశా. రెండు చోట్ల దాచా, తెరిచి విన్నా కూడా. ఆయన కథలో మేక ఒక్కటే ఉంది. రెండో మేక సంగతి అడుగుదామంటే నాయనమ్మ లేదు.