ఆ ఇరవై సెకన్ల కూలి ఎవరికి పోయింది?

మన టెంఘర్ గల్లీల్లో పెరిగిన పిల్లలకి తాళం ఎవరూ నేర్పక్కర్లేదు. సాంచల చప్పుడులోనే నిద్రపోయిన వాళ్ళం మనం. కరెంటు పోయి సాంచలు ఆగితేనే మెలకువ వచ్చేది.

అలా పెరిగినాయన అమెరికాలో ఒకడున్నాడు. పేరు క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్, 1943లో టెనెస్సీ రాష్ట్రం చట్టనూగాలో పుట్టాడు. డ్రమ్స్ సొంతంగానే నేర్చుకున్నాడు. ఊళ్ళో ఫ్యాక్టరీల మోత, రైళ్ళ చప్పుడు వింటూ లయ పట్టుకున్నాడు. 1965లో జేమ్స్ బ్రౌన్ బృందంలో చేరాడు. 1969 నవంబరులో రికార్డు చేసిన 'ఫంకీ డ్రమ్మర్' పాటలో మిగతా వాద్యాలు ఆగిపోయి, ఆయన ఒక్కడే ఓ ఇరవై సెకన్లు వాయిస్తాడు. తర్వాత హిప్‌హాప్ వాళ్ళు ఆ ముక్కని కోసుకుని వెయ్యికి పైగా పాటల్లో అతికించుకున్నారు. పబ్లిక్ ఎనిమీ 'ఫైట్ ద పవర్'లోనూ అదే ఉంది. పాట హక్కు మాత్రం జేమ్స్ బ్రౌన్ పేరున. వాయించినాయనకి వాయించిన డబ్బే, అంతే. క్యాన్సర్ వచ్చినప్పుడు ఆస్పత్రి బిల్లు గాయకుడు ప్రిన్స్ ఎవరికీ తెలియకుండా కట్టాడు. 2017లో పోయాడు.

మీటరు లెక్కన కూలి తీసుకునే మనకి ఇది విడమరచి చెప్పాలా? నేసింది మనవాడు, తాను మీద ముద్ర ఇంకొకరిది. తేడా ఒక్కటే: తాను ఒక్కసారే అమ్ముడుపోతుంది, ఆ ఇరవై సెకన్లు వెయ్యిసార్లు అమ్ముడుపోయాయి. అందుకే వాయించినవాడికి రెండో కూలి న్యాయమే అంటాం. 2012 కాపీరైట్ సవరణతో, రికార్డయిన ప్రదర్శనని వ్యాపారానికి వాడుకుంటే ప్రదర్శకులకి రాయల్టీ హక్కు మన దేశంలోనూ వచ్చింది. కాయితం మీద. బాలు గారి కచేరీలో శివమణిని చూసి మురిసిపోయేవాళ్ళం గానీ, రికార్డింగ్ గదిలో కూర్చుని వాయించి వెళ్ళేవాళ్ళ పేర్లు మనలో ఎందరికి తెలుసు?

ఇక మన సంగతి. పోయినేడు మార్కండేయ జయంతి ఊరేగింపు వీడియో పెట్టాం. దాతల పేర్లు, ఫ్లెక్సీలు కట్టించిన వాళ్ళ పేర్లు, ఆఖరికి డీజే పేరు కూడా రాశాం. నాలుగు గంటలు నడుస్తూ డప్పు కొట్టిన వాళ్ళలో ఒక్కరి పేరూ లేదు. రాసింది మేమే, తప్పు మాదే. ఆ దరువు ఇప్పుడు ఎవరెవరి రీల్స్‌లోనో తిరుగుతోంది.

ఈసారి వాళ్ళ పేర్లు కరపత్రంలో వేయాలి, మాట్లాడుకున్న డబ్బు ఆ రాత్రే చేతిలో పెట్టాలి. "కూలి ఇచ్చాం కదా, పేరెందుకు?" అని కమిటీలో కొందరు పెద్దలు అడిగారు. ఆదివారం మీటింగ్‌లో తేల్చుకుందాం, అందరూ రండి. పోయినేడు వాయించిన వాళ్ళ పేర్లు తెలిసినవాళ్ళు రాసుకుని తీసుకురండి. మా దగ్గర లేవు.