ఆలు లేదు, చూలు లేదు... బ్రాండు మాత్రం కావాలట!

పంటకు ధర ఎందుకు రావడం లేదని రైతు అడిగితే, ఈమధ్య పాలకుల దగ్గర ఒకే సమాధానం సిద్ధంగా ఉంటోంది. "మీరింకా రైతులుగానే ఉండిపోయారు. వ్యాపారులు కండి. పంటకు బ్రాండు పెట్టండి. ప్యాకెట్లు కట్టి అమ్ముకోండి." శిక్షణ తరగతుల్లో ఇదే పాట, ఫోన్లలో వచ్చే వీడియోల్లో ఇదే పాట. వినడానికి బాగానే ఉంటుంది. కానీ దీని వెనక ఇంకో మాట దాక్కుని ఉంది. ధర రాకపోతే తప్పు ప్రభుత్వానిది కాదు, మార్కెట్‌ది కాదు, వ్యాపారం చేతకాని రైతుదే అన్నది ఆ మాట.

దీనికి మన సంఘం జవాబు చెప్పాలి. వ్యాపారం నేర్చుకోవద్దని మనం అనడం లేదు. తప్పకుండా నేర్చుకుందాం. కాకపోతే నేర్పడానికి వచ్చినవాళ్లు సగం పాఠమే చెప్పి పోతున్నారు. మిగతా సగం మనమే చెప్పుకోవాలి.

గుంటూరు మిర్చికి పేరు లేకనా?

గుంటూరు మిర్చి అంటే తెలియని దేశం లేదు. గుంటూరు సన్నాలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అంతకన్నా పెద్ద బ్రాండు ఏ రైతు సంపాదించగలడు? మరి 2025 మొదట్లో ధర ఎందుకు కూలిపోయింది? టిక్కీలు యార్డుకు తెచ్చిన రైతులు రోడ్డెక్కి అరిస్తే, ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించింది. అది ఏటా ఉండే హామీ కాదు, ఆ సీజనుకు మాత్రమే చేసిన ఏర్పాటు. మిర్చికి కనీస మద్దతు ధర ఇప్పటికీ లేదు. పసుపుకూ లేదు.

పేరు లేక మన ధర పడలేదు. పేరు మన ఊరిదైనా లాభం మన ఊరికి రావడం లేదు. ఎందుకంటే బ్రాండు అంటే కవరు మీద బొమ్మ కాదు. ఈ ఏడు కొన్న సరుకు ఎలా ఉందో వచ్చే ఏడూ అదే రంగు, అదే ఘాటు, అదే తూకం ఇస్తామన్న మాట. ఆ మాట నిలబెట్టుకోవాలంటే ఏడాది పొడుగునా నిల్వ ఉండాలి, ఆరబెట్టే చోటు ఉండాలి, మందు అవశేషాల పరీక్ష చేయించాలి, కోల్డ్ స్టోరేజీ అద్దె కట్టాలి, అప్పటిదాకా చేతిలో రొక్కం ఆడాలి. ఇవన్నీ ఎవరి దగ్గర ఉన్నాయో బ్రాండు లాభం వాళ్లదే. కల్లంలోనే అమ్ముకోక తప్పని రైతుకు లేబులు ఇచ్చి ఏం లాభం?

ఒక రైతు లెక్క చూడండి

రెండెకరాల మిర్చి రైతును తీసుకుందాం. ఎకరానికి 20 క్వింటాళ్ల చొప్పున 40 క్వింటాళ్లు పండాయనుకుందాం. తొడిమ, తాలు, తరుగు కింద నాలుగు క్వింటాళ్లు తీసేస్తే 36 మిగులుతాయి. 100 గ్రాముల కారం ప్యాకెట్లు కడితే అవి 36,000 ప్యాకెట్లు. ఏడాదిలో అమ్మాలంటే పండగా పబ్బం లేకుండా రోజుకు దాదాపు 100 ప్యాకెట్లు అమ్మాలి. ఆ రైతు పొలం ఎప్పుడు చూస్తాడు? మందు ఎప్పుడు కొడతాడు? కొట్టువాడు తన మార్జిన్ ముందే పట్టుకుంటాడు, సరుకు అరువు అడుగుతాడు, అమ్ముడుపోనిది వెనక్కి పంపుతాడు.

"వినియోగదారుడి రూపాయిలో మీకు మూడో వంతే వస్తోంది, మిగతాది కూడా మీరే అందుకోండి" అని ఊరిస్తారు. రిజర్వు బ్యాంకు పరిశోధకులు 2024లో వేసిన లెక్క ప్రకారం ఆ రూపాయిలో టమాటా రైతుకు చేరేది 33 పైసలు, ఉల్లి రైతుకు 36, బంగాళాదుంప రైతుకు 37. అన్యాయమే. కానీ మిగతా 67 పైసలు మొత్తం ఎవరి లాభమూ కాదు. అందులో లారీ కిరాయి ఉంది, కుళ్లిపోయిన సరుకు ఉంది, హమాలీ, గోదాము, వడ్డీ ఉన్నాయి. లాభం ఎంతో, ఖర్చు ఎంతో విడదీసి చూపకుండా రైతును వ్యాపారంలోకి దింపడం అంటే లోతు చెప్పకుండా బావిలో దూకమనడమే.

ఇంకో విడ్డూరం చూడండి. బ్రాండు పెట్టుకోమన్న ప్రభుత్వమే 2022 జూలై 18 నుంచి 25 కిలోల లోపు ప్యాక్ చేసి లేబులు వేసిన బియ్యం, పప్పులు, పిండి మీద 5 శాతం జీఎస్టీ వేసింది. అదే బియ్యం విడిగా తూచి అమ్మితే పన్ను లేదు. ఒక చేత్తో లేబులు ఇచ్చి, రెండో చేత్తో పన్ను గుంజుకుంది.

పంట ఎవరిదో ముందు తేల్చండి

శిక్షణ తరగతుల్లో అసలు ఎత్తని విషయం ఒకటుంది. మన పంట చాలాసార్లు కోతకు ముందే మనది కాదు. విత్తనానికి, ఎరువుకు, మందుకు పెట్టుబడి కమీషన్ వ్యాపారి ఇస్తాడు. సరుకు ఆయన కొట్టుకే చేరాలన్నది షరతు. కౌలు రైతు పరిస్థితి మరీ అన్యాయం. కౌలు ముందే కట్టాలి, పంట అమ్మగానే బాకీ తీర్చాలి, పొలం తన పేరున లేదు కాబట్టి బ్యాంకు గుమ్మం ఎక్కనివ్వదు. ధర వచ్చేదాకా ఆగే దారి లేనివాడికి సరుకు మీద పెత్తనం ఎక్కడిది? బ్రాండు సంగతి తర్వాత. ముందు రైతును వ్యాపారి అప్పు నుంచి బయటికి తేవాలి. కౌలు రైతుకు బ్యాంకు అప్పు ఇప్పించలేని ప్రభుత్వానికి వ్యాపార పాఠాలు చెప్పే హక్కు లేదు.

300 మంది వాటాలకు అయిదెకరాల పంట

ఒక్కడివల్ల కాకపోతే ఉత్పత్తిదారుల సంఘం పెట్టుకోండి అంటారు. 2020లో 6,865 కోట్ల రూపాయలతో పదివేల సంఘాల పథకం పెట్టారు. 2025 ఫిబ్రవరిలో పదివేలవ సంఘాన్ని ప్రారంభించి పండగ చేసుకున్నారు. లెక్కకు సంఘాలు వచ్చాయి. వాటి చేతిలో ఏముందో చూద్దాం.

మైదాన ప్రాంతంలో సంఘానికి కనీసం 300 మంది ఉండాలి. తలా 2,000 రూపాయలు వాటా కడితే 6 లక్షలు. ప్రభుత్వం అంతే కలిపితే 12 లక్షలు. క్వింటాలు 12,000 చొప్పున ఆ డబ్బుతో కొనగలిగేది 100 క్వింటాళ్ల మిర్చి. అంటే అయిదెకరాల పంట! ఆ 300 మంది తలా ఒక్క ఎకరం వేసినా పండేది 6,000 క్వింటాళ్లు. మిగతా 5,900 క్వింటాళ్లు మళ్లీ పాత కాటాకే పోవాలి. మూడేళ్లకు కలిపి 18 లక్షల దాకా సహాయం ఉంది గానీ, అది జీతాలకు, ఆఫీసు ఖర్చులకు. సరుకు కొనడానికి కాదు. అప్పుకు రుణ హామీ ఉంది అంటారు. బ్యాంకుకు పోతే పాత లెక్కలు చూపించమంటుంది. నిన్న పుట్టిన సంఘానికి పాత లెక్కలు ఎక్కడివి?

బాధ్యతలకు మాత్రం కొదవ లేదు. కంపెనీగా రిజిస్టరైన సంఘం ఏటా ఆడిట్ చేయించాలి. వార్షిక లెక్కలు దాఖలు చేయడం ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయలు అదనంగా కట్టాలి. ఆడిటరు ఫీజుకు, ఈ రుసుములకే వాటా డబ్బు కరిగిపోతే వ్యాపారం దేనితో చేస్తారు?

అమూల్, ముల్కనూరు ఏం చెబుతున్నాయి?

శిక్షకులు అమూల్ పేరు చెప్పకుండా తరగతి ముగించరు. ఆ కథ మొదటినుంచీ చెప్పాలి. 1946లో గుజరాత్‌లోని ఖేడా జిల్లా రైతులు పోల్సన్ కంపెనీ గుత్తాధిపత్యానికి ఎదురుతిరిగి పాలు పోయడం ఆపేశారు. త్రిభువన్‌దాస్ పటేల్ నాయకత్వంలో సంఘం కట్టారు. ఊరూరా రెండు పూటలా పాలు కొలిచి, వెన్న శాతం చూసి డబ్బు ఇచ్చే ఏర్పాటు చేశారు. అమూల్ అనే పేరు వచ్చింది దాదాపు పదేళ్ల తర్వాత. 1970లో మొదలైన ఆపరేషన్ ఫ్లడ్‌కు ప్రభుత్వం దన్ను ఉంది. ఐరోపా నుంచి విరాళంగా వచ్చిన పాలపొడి, బటర్ ఆయిల్ అమ్మగా వచ్చిన డబ్బు పెట్టుబడి అయింది. ముందు పోరాటం, తర్వాత సేకరణ, ఆ తర్వాత పేరు. మనకు చెప్పేవాళ్లు చివరిదాన్ని మొదట పెడుతున్నారు.

మన దగ్గర ముల్కనూరు ఉంది. అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి చొరవతో 1956లో మొదలైన సహకార సంఘం రైతుకు అప్పు ఇస్తుంది, ఎరువు ఇస్తుంది, పంట కొంటుంది, మిల్లు నడుపుతుంది. అప్పు ఇచ్చేదీ సరుకు కొనేదీ రైతుల సంఘమే కావడంతో రైతుకు వ్యాపారి కాళ్ల దగ్గర పడాల్సిన పని తగ్గింది. అదే నేల మీద మహిళల డెయిరీ "స్వకృషి" పేరుతో పాలు అమ్ముతోంది. ఆ పేరు వెనక పాలు పోసే ఆడవాళ్లు ఉన్నారు, రోజూ నడిచే సేకరణ ఉంది. అందుకే నిలబడింది.

మనం అడగాల్సినవి

ఒకటి, మిర్చి, పసుపు సహా అన్ని పంటలకూ కౌలు, సొంత పెట్టుబడి మీద వడ్డీ కలుపుకున్న పూర్తి ఖర్చుపై 50 శాతం కలిపి చట్టబద్ధమైన మద్దతు ధర ఇవ్వాలి. రెండు, రైతు సంఘాలకు సీజనులో సరుకు కొనడానికి సరిపడా రొక్కం 4 శాతం వడ్డీకి, పాత లెక్కలు అడగకుండా ఇవ్వాలి. మూడు, యార్డుల దగ్గర ప్రభుత్వ కోల్డ్ స్టోరేజీలు కట్టి, నిల్వ రసీదు మీద కౌలు రైతుకు కూడా అప్పు ఇవ్వాలి. నాలుగు, రైతు సంఘాలు ప్యాక్ చేసే తిండి సరుకుల మీద జీఎస్టీ తీసేయాలి.

మన వంతు పని కూడా ఉంది. ప్రతి గ్రామ శాఖ ఈ నెల సమావేశంలో ఎకరం ఖర్చు పద్దు రాయించాలి. ఇంటి మనుషుల కూలి, కౌలు, వడ్డీ కూడా అందులో వేయాలి. మీ ఊళ్లో ఉత్పత్తిదారుల సంఘం ఉంటే దాని జమాఖర్చులు చదివి వినిపించమని అడగండి. వాటా కట్టిన ప్రతివాడికీ అడిగే హక్కు ఉంది. ఈసారి శిక్షణకు పిలిస్తే తప్పకుండా వెళ్లండి. బ్రాండుకు ఏం పేరు పెడతారని వాళ్లు అడిగితే, సరుకు కొనే డబ్బు ఎక్కడుందో, గోదాము ఎక్కడుందో, కనీస ధర ఎంతో చెప్పమని అడగండి. జవాబు వచ్చేదాకా కూర్చున్న చోటునుంచి లేవకండి.