వాడ ముచ్చట్లు – 17: ముందు ఎంపీసీ తీస్కో బిడ్డా

మొన్న ఆదివారం మా అన్న బిడ్డ ఫోన్ చేసింది. పది పాసైంది, మార్కులు బాగనే వచ్చినయి. "చిన్నాయినా, నేను ఎయిర్‌ఫోర్స్‌ల పైలట్ అయిత. ఏ గ్రూపు తీస్కోవాలె?" అంది.

కాసేపు నాకు మాట రాలేదు. ఆ ప్రశ్న నేను అడగాల్సిన వయసులో అడగలేదు కాబట్టి.

మాది దుండిగల్‌కి దగ్గరి ఊరే. ఎయిర్‌ఫోర్స్ అకాడమీ విమానాలు మా వాడ మీదుగానే తిరుగుతాయి. మా అవ్వ చేనుల కలుపు తీస్తుంటే, గట్టు మీద కూర్చుని వాటిని లెక్కపెట్టేవాడిని. వాటిని నడిపేది మనుషులేనని, ఆ మనుషులు ఏదో ఒక కాలేజీలో చదివి వచ్చారని నాకు ఎవరూ చెప్పలేదు.

హాస్టల్లో పది చదివి జూనియర్ కాలేజీకి పోతే, అడ్మిషన్ల కాడ కూర్చున్న సారు నా ఫారం చూసి "లెక్కలు నీకెందుకురా, సీఈసీ తీస్కో, ఈజీగ పాసైతవ్" అన్నాడు. తిట్టలేదు, ప్రేమగానే అన్నాడు. కులం ఎప్పుడూ తిట్టు రూపంలోనే రాదు మిత్రులారా, సలహా రూపంలో కూడా వస్తుంది. డిగ్రీ ఫైనల్ ఇయర్‌లో ఒక దోస్తు ఎయిర్‌ఫోర్స్ నోటిఫికేషన్ చూపించాడు. ఫ్లయింగ్ బ్రాంచికి డిగ్రీ ఏదైనా పర్వాలేదు, కానీ ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉండాలి. ఆ లైను చదివి పేపరు మడిచి వాడికే ఇచ్చేశాను.

అందుకే మా పిల్లకి మొదట చెప్పింది, "ఎంపీసీ తీస్కో. మిగతాది తర్వాత చూద్దాం". ఈ తలుపు ఇరవై ఏళ్లకు మూసుకోదు, పదహారేళ్లకే మూసుకుంటుంది. అదీ గ్రూపు పేరుతో. బీటెక్‌కి పోవాలన్నా మళ్లీ ఎంపీసీనే కదా.

పైలట్ అనగానే మన వాడల్లో "అది లక్షలున్నోళ్ల చదువు" అంటారు. ప్రైవేటుగా నేర్చుకుని కమర్షియల్ లైసెన్సు తెచ్చుకోవాలంటే నిజంగానే లక్షలకు లక్షలు. ఎయిర్‌ఫోర్స్‌లో అలా కాదు. శిక్షణ వాళ్లే ఇస్తారు, చివరి ఏడాది నెలకు 56,100 రూపాయలు స్టైపెండ్ కూడా. ఈ ఒక్క సంగతి మన తల్లిదండ్రుల్లో ఎంతమందికి తెలుసు?

ఇంటర్ కాగానే ఎన్‌డీఏ రాయొచ్చు. 2021లో సుప్రీంకోర్టు చెప్పాక ఆడపిల్లలకూ ఆ గేటు తెరుచుకుంది. రాయమనే అంటాను, ఎస్సీ ఎస్టీలకు ఫీజు కూడా లేదు. కానీ నా అభిప్రాయం అడిగితే, మన పిల్లలకు డిగ్రీ దారే మేలు. పదహారున్నర, పందొమ్మిదిన్నర ఏళ్ల మధ్యలో ఎన్‌డీఏకి పోయే పిల్లల వెనక సైనిక్ స్కూలో, కోచింగో, యూనిఫాం వేసుకున్న మామో ఉంటాడు. మనోళ్లకు ఆ పరీక్ష పేరు తెలిసేసరికే వయసు దాటుతుంది. డిగ్రీ మూడేళ్లు ఇస్తుంది. ఆ మూడేళ్లలో ఇంగ్లీషు నోటికొస్తుంది, నలుగురిలో మాట్లాడే భయం పోతుంది. అరవై శాతం తగ్గకూడదు, అంతే. తర్వాత ఏడాదికి రెండుసార్లు ఏఎఫ్‌క్యాట్ ఉంటుంది. మగపిల్లలకు సీడీఎస్ కూడా.

కాలేజీ ఎంచుకునేటప్పుడు అందరూ క్యాంపస్ సెలెక్షన్లు అడుగుతారు. మీరు ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ ఉందా అని అడగండి. ఆర్మీ వింగ్ కాదు, ఎయిర్ వింగ్. అందులో 'సి' సర్టిఫికెట్ తెచ్చుకున్న వాళ్లకు రాతపరీక్ష లేకుండా నేరుగా ఇంటర్వ్యూకి పోయే ప్రత్యేక దారి ఉంది. దరఖాస్తు ఫీజు కూడా ఉండదు. మామూలుగా ఏఎఫ్‌క్యాట్ రాసేవాళ్లు 550 రూపాయలు, మీద జీఎస్టీ కట్టాలి, ఎస్సీలైనా సరే. పైగా ఆ పేపరు ఇంగ్లీషులోనే. సీడీఎస్‌లో హిందీ దొరుకుతుంది, తెలుగు ఎక్కడా దొరకదు. హిందీవాడికి ఉన్న సౌకర్యం మనకెందుకు లేదని అడగాల్సిందే. కానీ ఆ జవాబు వచ్చేదాకా మా పిల్ల ఆగలేదు కదా.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ఇంటర్వ్యూలో పైలట్లకు కంప్యూటర్ మీద ఒక పరీక్ష ఉంటుంది, సీపీఎస్ఎస్ అంటారు. అందులో ఒక్కసారి ఫెయిలైతే జన్మలో మళ్లీ పైలట్‌గా పోయే వీల్లేదు. "ఊరికే ఒకసారి రాసి చూద్దాం" అని పోవద్దు. కళ్లు, పళ్లు, కాళ్ల పొడవు దాకా కొలుస్తారు. ఎత్తు కనీసం 162.5 సెంటీమీటర్లు. రంగులు సరిగా కనబడతాయో లేదో పదో తరగతిలోనే చూపించుకుంటే, మూడేళ్ల ఆశ వృథా కాదు.

మన మిత్రుల్లో కొందరు అడుగుతారు, "రిజర్వేషన్ లేని చోటికి పిల్లల్ని ఎందుకు తోలుతవన్నా?" అని. నిజమే. సైనిక్ స్కూలు సీట్లలో మనకు 15 శాతం ఉంది, అదే పిల్లవాడు ఆఫీసరు కావాలనేసరికి సున్న. దాని మీద కొట్లాట ఆగొద్దు. కానీ లేదని పోకుండా ఉంటే, అక్కడ మనం లేమన్న లెక్క కూడా బయటికి రాదు. ఇంకొందరు "రాజ్యం తుపాకీ మనమెందుకు మోయాలె" అంటారు. బాబాసాహెబ్ తండ్రి రాంజీ సైన్యంలో సుబేదార్. బాబాసాహెబ్ పుట్టిందే మౌ కంటోన్మెంటులో. మహార్లకు సైన్యం తలుపులు మూస్తే ఆ మూయడాన్ని ఆయన ఏళ్ల తరబడి ప్రశ్నించారు. 1941లో మహార్ రెజిమెంట్ వచ్చింది. తుపాకీ మోసే సిపాయి కొలువుకు మనల్ని పిలవడం వాళ్లకు అలవాటే. కాక్‌పిట్‌కి పిలవరు. నా పట్టుదల అక్కడ.

నిన్న మళ్లీ ఫోన్. ఇంటర్వ్యూలో నింపే ఫారంలో తల్లిదండ్రుల చదువు, పని, ఆదాయం రాయాలని ఎక్కడో చూసిందట. "చిన్నాయినా, మా నాయిన పని ఏం రాయాలె? వ్యవసాయం అని రాయనా?"

"మీ నాయినకు భూమి ఉన్నదా?"

"లేదు."

"అయితే కూలి అని రాయి. అదెట్ల రాయాలో నేర్చుకోనీకి నీకింకా ఐదేండ్లున్నది."

ఈ వారం ఇంటర్ అడ్మిషన్లకు పోతున్న పిల్లలు మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఉంటే గ్రూపు రాసేముందు ఈ పోస్టు చదివించండి. ఎయిర్ వింగ్ ఉన్న కాలేజీలు మీకు తెలిసినవి కింద రాయండి, నేను ఒక చోట చేర్చి వచ్చే భాగంలో పెడతా.

జై భీమ్.