పిల్లికి షుగరు - సిరంజితో జాగ్రత్త!

ఈ వారం ఉత్తరాలలో మూడు పక్కపక్క పేటల నుంచే వచ్చాయి. మూడూ ఒకే జబ్బు గురించి. పిల్లికి షుగరేమిటని నవ్వేవారు ఇంకా ఉన్నారు గాని, నడివయసు దాటి, ఒళ్లు చేసి, ఇల్లు కదలని పిల్లులకు ఈ జబ్బు రావడం అరుదేమీ కాదు. ఆపరేషను చేయించిన మగపిల్లులకు ఇంకాస్త ఎక్కువగా వస్తుంది.

ప్రశ్న: మా మగపిల్లికి పదేళ్లు. రెండు నెలలుగా గిన్నెలకు గిన్నెలు నీళ్లు తాగుతోంది. ఎంత తిన్నా చిక్కిపోతోంది. వెనక కాళ్ల మడమలు నేలకానించి నడుస్తోంది. డాక్టరు గారు షుగరు అని చెప్పి, గ్లార్జిన్ ఇన్సులిన్ రెండు పూటలా ఒక్కొక్క యూనిట్ ఇవ్వమన్నారు. మా మామగారికి వాడే ఎర్రమూత సిరంజులతోనే ఇచ్చాను. నాలుగోనాటి మధ్యాహ్నం పిల్లి తూలి పడిపోయి కాళ్లు కొట్టుకుంది. చిగుళ్లకు తేనె రాస్తే తేరుకుంది. ఒక్క యూనిట్‌కే ఇంత ప్రమాదమా? ఇన్సులిన్ మానెయ్యమంటారా?
- ఒక గృహిణి, చిక్కడపల్లి

జవాబు: మానెయ్యకండి. మార్చవలసింది సిరంజి. మీ మామగారి ఎర్రమూత సిరంజి, మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే ఇన్సులిన్ కోసం చేసినది. మన మందుల షాపుల్లో దొరికే గ్లార్జిన్ సీసాలో సాధారణంగా మిల్లీలీటరుకు 100 యూనిట్లుంటాయి. ఎర్రమూత సిరంజిలో ఒక్క యూనిట్ గీత దాకా ఈ మందు తీస్తే లోపలికి వెళ్లేది రెండున్నర యూనిట్లు! మీరు ఒకటి ఇస్తున్నాననుకుని పూటపూటా రెండున్నర ఇచ్చారు. 100 రకం మందుకు నారింజరంగు మూత సిరంజి వాడాలి. దీనికి తిరకాసు కూడా ఉంది. 40 రకం మందును నారింజమూత సిరంజితో తీస్తే డోసులో సగం కూడా అందదు. సీసా మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటేనా అని ప్రతిసారీ చూసుకోండి. పిల్లి డోసులు చిన్నవి కనుక అర యూనిట్ గీతలున్న 0.3 మి.లీ. సిరంజి అడిగి తెచ్చుకుంటే మరీ మంచిది. మామగారి మందు, పిల్లి మందు ఫ్రిజ్‌లో వేరువేరు డబ్బాల్లో పెట్టండి. ఫ్రీజరులో మాత్రం పెట్టకూడదు.

మీరు తేనె రాయడం సరయిన పనే. నీరసం, తూలడం, వణుకు, ఫిట్స్ - ఇవి చక్కెర పడిపోయిన గుర్తులు. తేనెగాని, చిక్కటి చక్కెర పాకంగాని చిగుళ్లకు రాయాలి. స్పృహలో లేని పిల్లి గొంతులో ఏదీ పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఫిట్స్‌లో ఉంటే పళ్ల మధ్య వేలు పెట్టకండి. తేరుకోగానే అన్నం పెట్టి, వెంటనే డాక్టరుకు చూపించాలి. ఒంట్లో మందు ఇంకా పనిచేస్తూ ఉంటుంది, మళ్లీ పడిపోవచ్చు. ఆయనను అడగకుండా తరువాతి డోసు ఇవ్వకూడదు. ఇక మడమల నడక నరాల బలహీనత వల్ల వచ్చినది. చక్కెర అదుపులో ఉంటే చాలా పిల్లుల్లో నెమ్మదిగా సర్దుకుంటుంది.

ప్రశ్న: గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్నాను. మా ఇంటి ఓనరు ఆంటీ పిల్లికి ఉదయం, సాయంత్రం ఆరింటికి ఇన్సులిన్ నేనే ఇస్తాను. ఆసుపత్రిలో చూస్తే 340, ఇంట్లో గ్లూకోమీటరులో 190 వచ్చింది. ఏది నిజం? డోసు పెంచాలా? ఒక్కోసారి లైబ్రరీ నుంచి ఆలస్యంగా వస్తాను. ఆంటీ ఇచ్చారో లేదో ఆమెకే గుర్తుండదు. అప్పుడు నేను ఇవ్వవచ్చా?
- ఒక విద్యార్థి, అశోక్‌నగర్

జవాబు: రెండూ నిజమే కావచ్చు. పిల్లి భయపడితే చక్కెర పైకి లేస్తుంది. బుట్టలో పెట్టి, ఆటోలో కుదిపి, కుక్కల మధ్య కూర్చోబెడితే జబ్బు లేని పిల్లికి కూడా 300 దాటవచ్చు. అందుకే ఒక్క అంకె చూసి డోసు మార్చకూడదు. డాక్టరు గారి సలహాతో ఒక రోజు, సూదికి ముందు ఒకసారి, తరువాత రెండేసి గంటలకొకసారి పన్నెండు గంటలపాటు చూసి కాగితం మీద రాయండి. చెవి అంచునున్న సన్నని నరం దగ్గర చిన్న చుక్క చాలు. అన్నిటికన్నా తక్కువ వచ్చిన అంకె ముఖ్యం. అది 80కి, 150కి మధ్య ఉంటే డోసు సరిపోయినట్లే. 80కి తగ్గితే తరువాతి సూదికి ముందే డాక్టరుకు చెప్పాలి. మనుషుల మీటరు పిల్లి రక్తంలో కాస్త తక్కువ చూపించడం మామూలే, ఆ సంగతి కూడా ఆయనకు చెప్పండి. పెంచినా తగ్గించినా అర యూనిట్ చొప్పున, మధ్య వారం రోజుల ఎడంతో, ఆయన మాట మీదనే. చక్కెర మరీ పడిపోయినప్పుడు మాత్రం ఆగకూడదు.

ఇక ఇచ్చారో లేదో తెలియనప్పుడు ఇవ్వకండి! ఒక పూట తప్పితే చక్కెర కొంచెం పెరుగుతుంది, అంతే. రెండుసార్లు పడితే ప్రాణం పోవచ్చు. గోడ క్యాలెండరు మీద సూది వెయ్యగానే టిక్కు పెట్టే అలవాటు ఆంటీకి, మీకు ఇద్దరికీ ఉండాలి. గంట ఆలస్యమైతే ఫరవాలేదు. పిల్లి తినకపోయినా, వాంతి చేసుకున్నా మామూలు డోసు ఇవ్వకుండా ముందు డాక్టరును అడగండి.

ప్రశ్న: మాది శాకాహార కుటుంబం. ఏడేళ్లుగా మా పిల్లికి పెరుగన్నం, పాలే పెట్టాము. షుగరు వచ్చింది, మాంసాహారం పెట్టమంటున్నారు. మా అత్తగారు ఒప్పుకోరు. అన్నం మాన్పించి పప్పు, పనీరుతో నెట్టుకురావచ్చా? జీవితాంతం సూదులేనా?
- ఒక పాఠకురాలు, నారాయణగూడ

జవాబు: అత్తగారి నియమం మనుషులకు సంబంధించినది. పిల్లి పుట్టుకతోనే మాంసాహారి. దానికి కావలసిన టారిన్ అనే పదార్థం పప్పుల్లో ఉండదు. అది చాలకపోతే గుండె కండరం బలహీనపడుతుందని 1987లో అమెరికా పశువైద్యులు తేల్చారు. పైగా అన్నంలోని పిండిపదార్థం చక్కెరను పెంచుతుంది. వంటింట్లో వండనక్కరలేదు. పిల్లుల కోసం తయారైన తడి ఆహారం పొట్లాల్లో దొరుకుతుంది. పిండిపదార్థం తక్కువగా ఉన్నది డాక్టరును అడిగి ఎంచుకుని, బాల్కనీలో వేరే పళ్లెంలో పెట్టండి. అత్తగారికి ఇలా నచ్చజెప్పి చూడండి. తిండి మార్చేముందు డాక్టరుకు చెప్పడం తప్పనిసరి. పిండిపదార్థం తగ్గితే ఇన్సులిన్ అవసరమూ తగ్గుతుంది, పాత డోసే ఇస్తే చక్కెర పడిపోతుంది. లావు తగ్గించాలని పస్తు పెట్టకండి. కొద్ది రోజులు తినకపోయినా పిల్లికి కాలేయం చెడుతుంది.

జీవితాంతం సూదులేనని నిరాశపడకండి. తొలిదశలోనే ఇన్సులిన్ మొదలుపెట్టి, తిండి మార్చి, చక్కెరను అదుపులో ఉంచిన పిల్లుల్లో కొన్నిటికి కొన్ని నెలల్లోనే ఇన్సులిన్ అవసరం లేకుండా పోతుంది. జబ్బు తిరగబెట్టవచ్చు గనుక తరువాత కూడా చూపిస్తూ ఉండాలి. మీ పేటలోనే ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. పిల్లిని తీసుకువెళ్లేటప్పుడు సీసా, సిరంజి, అంకెలు రాసిన కాగితం కూడా వెంట తీసుకువెళ్లండి.