ఆట వెల ఎంత?

హైదరాబాదునుండి పూణెకు పోవు రహదారిపై జహీరాబాదు ఉన్నది. ఆ దారికి ఒక కొసను, హైదరాబాదులో, ఆగర్ హెడ్ స్టూడియో అను చిన్న సంస్థ ‘అసుర’ అను వీడియో గేమును నిర్మించి 2017లో విడుదల చేసినది. రెండవ కొసను, పూణెలో, నాడింగ్ హెడ్స్ గేమ్స్ వారు ‘రాజి’ అను ఆటకు ముందుగా ప్రజలనుండి సొమ్ము సమకూర్చుకొన యత్నించి 2017లో విఫలులై, తుదకు 2020లో దానిని వెలికి తేగలిగిరి. నడుమనున్న జహీరాబాదు పాఠశాలలలో ఇట్టి ఆటను తామును తయారుచేయవలెనని తలచు విద్యార్థులు ఒకరిద్దరైనను ఉందురు. పదిమందియు కొనునట్లు తక్కువ వెలకే అమ్మవలెనని వారికి మొదట తోచును. ఉపాధ్యాయుడు అచ్చటనే వారిని ఆపి లెక్క వేయించవలెను.

అల్లము పండించు రైతుకు ప్రతి బస్తాకును ఖర్చున్నది. ఆటకు మొదటి ప్రతిలోనే సర్వవ్యయమును ఇమిడియున్నది. రెండవ ప్రతికి అగు ఖర్చు ఇంచుమించు సున్న. వెల ఎంత తగ్గించినను నష్టము లేదను భ్రమ ఇచ్చటనే పుట్టును.

ఇద్దరు యువకులు రెండేండ్లు పనిచేసిరనుకొందము. తలకు నెలకు 25 వేల రూపాయల చొప్పున 12 లక్షలగును. ఆట వెల 118 రూపాయలు. అందు 18 జి.ఎస్.టి. మిగిలిన నూటిలో స్టీమ్ వంటి ఆన్‌లైన్ అంగడి 30 తీసికొనును. చేతికి వచ్చునది 70. పెట్టుబడి తిరిగి వచ్చుటకే 17 వేలకు పైగా ప్రతులు అమ్ముడు పోవలెను. 2011 జనాభా లెక్కలలో జహీరాబాదు పట్టణ జనసంఖ్య సుమారు 71 వేలు. అనగా పసిబిడ్డలతో సహా నలుగురిలో ఒకరు కొనవలెను! పండుగ అమ్మకములలో సగము వెలకిచ్చినచో ఆ సంఖ్య రెట్టింపగును.

అంతటితో తీరదు. రెండు గంటలలోపు ఆడినవాడు పదునాలుగు దినములలో ఆటను వాపసు చేసి పైకము పొందవచ్చునని స్టీమ్ నియమము. గంటన్నరలో ముగియు చిన్న ఆటను తుదివరకు ఆడి మరలించినను అడ్డు లేదు. ఇక 2018 నుండి, కోటి డాలర్లు దాటిన రాబడిపై ఆ అంగడి వాటా నూటికి 25కును, అయిదు కోట్లు దాటినచో 20కిని తగ్గుచున్నది. పెద్దవానికి రాయితీ, చిన్నవానికి పూర్తి కమీషను! ఈ న్యాయము ఏ సంతలో నేర్చిరో! ఆపిల్, గూగుల్ సంస్థలు మాత్రము 2021లో పదిలక్షల డాలర్లలోపు రాబడికి తమ వాటాను 15కు దించినవి.

చవుకగా అమ్మి గెలిచినవారు లేకపోలేదు. లూకా గలాంటే తన ‘వాంపైర్ సర్వైవర్స్’ను 2021లో మూడు డాలర్లలోపు వెలకు స్టీమ్‌లో పెట్టెను, 2023లో దానికి ఉత్తమ గేముగా బ్రిటిషు బాఫ్టా బహుమతి లభించినది. కాని ఏటా పదివేలకు మించి ఆటలు వచ్చిపడుచున్న అంగడిలో ఆ ఒక్కనిని చూచి వెల నిర్ణయించుట లాటరీ టిక్కెట్టు కొనుటయే. ఎరిక్ బరోన్ నాలుగేండ్లకు పైగా ఒంటరిగా శ్రమించి, సేద్యమే వస్తువుగా గల ‘స్టార్‌డ్యూ వ్యాలీ’ని 2016లో 15 డాలర్లకు అమ్మజూపెను. చేసినవాడొక్కడే గదా యని వెల తగ్గించుకొనలేదు. ఈ దారి మేలు.

స్టీమ్‌లో దేశమునకొక వెల పెట్టు వీలున్నది. జహీరాబాదు విద్యార్థి ఇచ్చుకొనగల వెల వేరు, అమెరికావాడు ఇచ్చుకొనగల వెల వేరు. ఇచ్చట 118 రూపాయలు పెట్టినంత మాత్రమున అచ్చటను డాలరున్నరకు దిగజారనక్కరలేదు. అయితే ఇచ్చటి విద్యార్థి ఆ 118 అయినను ఇచ్చునా, మిత్రుని పెన్‌డ్రైవునుండి నకలు తీసికొనునా అనునది తరగతిలో చర్చింపదగిన ప్రశ్న. ఆట తయారుచేయదలచినవాడును ఆ బెంచీపైననే కూర్చుండియుండును.