తారకం గారి తెలుగు మనకెందుకు రాదు?

పోయిన నెలలో ఒక సాయంత్రం హూడిలో మా పక్కింటి అక్క గాబరాగా మా గడపలోకొచ్చింది. ఆమెది మదనపల్లి వైపు. అపార్ట్‌మెంట్లలో ఇంటిపని చేస్తుంది. పనిచేసే ఒక ఇంట్లో ఉంగరం కనబడలేదట, స్టేషన్‌కి రమ్మని ఫోనొచ్చింది. "పాపా, నువ్వు తెలుగే కదా చదివేది. నేను తీయలేదని ఒక అర్జీ రాసియ్యి" అంది.

పెన్ను తీసుకున్నాను. "గౌరవనీయులైన" దగ్గర ఆగిపోయాను. ఎవరికి రాయాలి? ఏమని రాయాలి? అసలు చీకటి పడే వేళకి ఆడమనిషిని స్టేషన్‌కి పిలవొచ్చా? నాకు తెలీదు. శార్దూల పద్యానికి గణవిభజన చెయ్యమంటే రెండు నిమిషాల్లో చేస్తాను. ఇది మాత్రం చేతకాలేదు. ఆమె ఒక్కతే వెళ్ళి, రాత్రి తొమ్మిది దాకా బెంచీ మీద కూర్చుని వచ్చింది. రెండ్రోజులకి ఉంగరం ఆ ఇంట్లోనే దొరికింది.

ఆ తర్వాత నేను చదివిన పుస్తకం బొజ్జా తారకం గారి "పోలీసులు అరెస్టు చేస్తే". దాని గురించే ఈ వ్యాసం.

మనం బోయి భీమన్న గారిని చదువుకున్నాం. "గుడిసెలు కాలిపోతున్నై"కి 1975లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిందని పరీక్షలో రాశాం కూడా. ఆయన అల్లుడే తారకం గారు. ఆ సంగతి మన నోట్సులో ఎక్కడా లేదు.

తారకం గారు 1939లో కోనసీమలోని కందికుప్పలో పుట్టారు. తండ్రి బొజ్జా అప్పలస్వామి గారు అంబేద్కర్ బాటలో నడిచిన దళిత నాయకుడు, శాసనసభ్యుడు. దళితుల పిల్లలు బడి మెట్టెక్కడమే ఒక పోరాటమైన కాలం అది. ఆ తరం వాళ్ళు తెరిచిన తలుపులోంచి కొడుకు న్యాయశాస్త్రం దాకా వెళ్ళాడు. మామూలుగా మన ఇళ్ళలో కథ ఇక్కడితో సుఖాంతం. తండ్రి పెద్దమనిషి, కొడుకు లాయరు, గేటు మీద నేమ్‌ప్లేటు. ఇంకేం కావాలి?

తారకం గారు అక్కడ ఆగలేదు. నిజామాబాదులో వకీలుగా ఉంటూ అంబేద్కర్ యువజన సంఘం పెట్టారు. ఎమర్జెన్సీలో జైలుకెళ్ళారు. తర్వాత హైదరాబాదులో, హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది అయ్యారు. అప్పుడొచ్చింది కారంచేడు. దళితులు నీళ్ళు తెచ్చుకునే చెరువుని మురికి చెయ్యొద్దన్నందుకు మొదలైన గొడవ. కొట్టడానికి వచ్చినవాళ్ళకి ఎదురుగా బిందె ఎత్తి నిలబడింది మున్నంగి సువార్త. మర్నాడు, 1985 జూలై 17న, దళితవాడ మీద పడి ఆరుగురిని చంపారు. తారకం గారు ప్రభుత్వ న్యాయవాది పదవికి రాజీనామా చేసి బాధితుల వైపు వచ్చేశారు. దళిత మహాసభ నిర్మాణంలో ముందు నిలిచారు. 1991లో చుండూరులో ఎనిమిది మందిని చంపినప్పుడూ ఆ బాధితుల తరఫునే నిలబడ్డారు. 2016లో కన్నుమూసేదాకా ఆ పని మానలేదు.

ఎమ్మెల్యే కొడుకు కాబట్టి చెల్లింది అని ఎవరైనా అనొచ్చు. నిజమే, తండ్రి ఇచ్చిన బలం చిన్నది కాదు. అయితే దొరికిన బలాన్ని ఎటు ఖర్చుపెట్టాడన్నదే కదా చూడాల్సింది.

ఆయన చేసిన పనుల్లో మన డిపార్ట్‌మెంట్‌కి అన్నిటికంటే దగ్గరిది, చట్టాన్ని తెలుగులో రాయడం. కోర్టులో లాయరు మన తరఫున మాట్లాడతాడు. కానీ పోలీసు తలుపు కొట్టే రాత్రి పక్కన లాయరు ఉండడు. అప్పుడు మనిషికి తోడుండేది తనకి తెలిసిన నాలుగు మాటలే. రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం ఎందుకు అరెస్టు చేస్తున్నారో చెప్పాలి, వకీలుతో మాట్లాడుకోనివ్వాలి, ప్రయాణ సమయం పోను 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. సాక్షిగా విచారించాలంటే స్త్రీని స్టేషన్‌కి రమ్మనకూడదు, ఆమె ఉండే చోటికే వెళ్ళి అడగాలి. పొద్దుగూకాక, తెల్లవారకముందు స్త్రీని అరెస్టు చెయ్యాలంటే అసాధారణ కారణం ఉండాలి, మేజిస్ట్రేటు ముందస్తు అనుమతీ మహిళా అధికారీ ఉండాలి. 1987 నాటి న్యాయసేవల చట్టం కింద స్త్రీలకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలుని ఇస్తారు. ఫోన్ నంబరు 15100. ఈ నాలుగు ముక్కలు ఆరోజు నాకు తెలిసుంటే అక్క బహుశా ఆ బెంచీ మీద కూర్చునేది కాదు. కనీసం ఒక్కతే వెళ్ళేది కాదు.

ఈ మాట క్లాసులో అంటే ఒక ఫ్రెండు, "అది లా కాలేజీ వాళ్ళ పని. మనది సాహిత్యం" అంది. నేను ఒప్పుకోను. తారకం గారు లాయరే, "నది పుట్టిన గొంతుక" రాసిన కవి కూడా. ఆయన భార్య విజయభారతి గారు తెలుగు సాహిత్యం చదివినావిడ. అంబేద్కర్ జీవితాన్ని తెలుగులో రాశారు. ఆ ఇంట్లో కవిత్వానికీ చట్టానికీ మధ్య గోడ లేదు. కష్టమైన విషయాన్ని ఎదుటి మనిషికి అర్థమయ్యేలా రాయడం కంటే భాష చదివినవాళ్ళకి వేరే పనేముంది?

ఇంకొకరు, "బెంగళూరులో తెలుగు అర్జీ ఎవడు తీసుకుంటాడు, ఇక్కడంతా కన్నడమే కదా" అన్నారు. సరే, స్టేషన్‌లో ఇచ్చేది కన్నడలోనే ఇద్దాం. మన క్లాసులో సగం మందికి కన్నడ రాయడం వచ్చు. కానీ తాను దేని కింద సంతకం పెడుతోందో అక్కకి తెలియాల్సింది తెలుగులోనే. హూడిలో ఇళ్ళు కట్టేవాళ్ళు, ఇళ్ళు తుడిచేవాళ్ళు, వాచ్‌మన్లు ఎంతమంది మన భాషవాళ్ళో రోజూ చూస్తూనే ఉన్నాం. కష్టమొస్తే చదువుకున్న ఆడపిల్ల ఏ ఇంట్లో ఉందా అని వెతుక్కుంటూ వస్తారు. వచ్చాక మనం పెన్ను పట్టుకుని దిక్కులు చూస్తే ఆ చదువు ఎవరికి?

కాబట్టి నా ప్రతిపాదన ఇది. మన గోడపత్రికలో ప్రతి సంచికకీ ఒక మూల, పావు ఠావు చాలు, "తెలుగులో చట్టం" అని పెడదాం. ఒక నెల అరెస్టు, ఒక నెల జీతం ఎగ్గొట్టడం, ఒక నెల ఇంటి అద్దె అడ్వాన్సు. మేడమ్‌లు సరిచూశాకే అంటిద్దాం. దానితోపాటు "పోలీసులు అరెస్టు చేస్తే" రెండు కాపీలు డిపార్ట్‌మెంట్ లైబ్రరీలో పెట్టమని అడుగుతున్నాను.

మొదటి పావు ఠావు నేనే రాస్తాను. తప్పులుంటే మేడమ్‌లు ఎర్రపెన్నుతో దిద్దండి. ఆ తర్వాత దాన్ని అక్కకి చదివి వినిపిస్తాను. అర్థం కాలేదంటే మళ్ళీ రాస్తాను.