గల్లాపెట్టెలో బిట్‌కాయిన్‌కు చోటు లేదు

2022 సెప్టెంబరు 10న కోల్‌కతా గార్డెన్‌రీచ్‌లో ఒక ఆట యాప్ మోసం కేసులో ఒక వ్యాపారి ఇంటిని ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ (ఈడీ) సోదా చేసింది. మంచం కింద ప్లాస్టిక్ సంచుల్లో కుక్కిన నోట్ల కట్టలు దొరికాయి. యంత్రాలు తెప్పించి లెక్కపెడితే 17 కోట్ల రూపాయలు దాటింది. దేశమంతా ఆ ఫొటోలే చూసింది. అదే కేసులో అదే నెలలో ఇంకో సంగతి జరిగింది, దానికి ఫొటో లేదు. విదేశీ ఎక్స్ఛేంజి బైనాన్స్‌లో ఉన్న 77 పైచిలుకు బిట్‌కాయిన్లను ఈడీ స్తంభింపజేసింది. అప్పటి ధరలో వాటి విలువ 12.83 కోట్లు. 2024లో ఈ కేసులోనే మరో 90 కోట్ల రూపాయల మేర క్రిప్టోను కట్టడి చేసింది. మంచం కింద దొరికిన దానికంటే వాలెట్లలో దాగినదే చాలా ఎక్కువన్నమాట.

ఇంత జరిగాక కూడా, టీ కొట్టు నుంచి బట్టల కొట్టు దాకా క్రిప్టోతో చెల్లించే రోజు రావాలని, ప్రభుత్వం అందుకు దారి ఇవ్వాలని వాదించేవారు ఉన్నారు. ఈ పత్రిక అందుకు ఒప్పుకోదు. సొంత డబ్బుతో క్రిప్టో కొని దాచుకునేవాళ్లను ఆపమని మేము అడగడం లేదు. లాభమైనా నష్టమైనా వాళ్లది. సరుకు అమ్మి దానికి ధరగా క్రిప్టోను పుచ్చుకోవడం మాత్రం వేరే సంగతి. దాన్ని చట్టం సూటిగా కాదనాలి. ఇప్పుడు అవుననీ అనడం లేదు, కాదనీ అనడం లేదు.

నేరగాళ్లు వాడారు కనుక వద్దు అన్నది మా వాదన కాదు. నేరగాళ్లు నోట్లూ వాడారు, ఆ మంచమే సాక్ష్యం. రోజువారీ కొనుగోలుకు కావలసిన గుణాలు ఈ నాణేనికి లేవు. లేని గుణాలు ఉన్నాయని నమ్మితే మొదట మునిగేది బజారులో చిన్నవాడు.

గార్డెన్‌రీచ్ తెలుగువాళ్లకు తెలియని చోటు కాదు. ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం అక్కడే ఉంది. వాల్తేరు డివిజన్ 2003 దాకా ఆ కార్యాలయం కిందే నడిచింది. బదిలీ కాగితం పట్టుకుని హుగ్లీ ఒడ్డున దిగిన ఉత్తరాంధ్ర కుటుంబాలు ఎన్నో. దాన్ని ఆనుకునే మెటియాబ్రుజ్. అవధ్ రాజ్యం పోగొట్టుకున్న నవాబు వాజిద్ అలీ షా 1856లో వచ్చి, 1887లో కన్నుమూసే దాకా ఉన్నది ఇక్కడే. ఆయన వెంట వచ్చిన దర్జీలతోనే ఈ పేటకు సూది పని అబ్బిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఇప్పుడది రెడీమేడ్ దుస్తులకు, ముఖ్యంగా పిల్లల బట్టలకు, దేశంలోని పెద్ద టోకు బజార్లలో ఒకటి. ఒక్క ఇంటి మంచం వల్ల పేట మొత్తానికి చెడ్డపేరు అంటగట్టడం అన్యాయం. ఆ పేట నిజమైన డబ్బు కుట్టు మిషన్ల మీద వస్తుంది.

ఆ డబ్బు ఎలా తిరుగుతుందో కాస్త దగ్గరికి వెళ్లి చూడాలి. అక్కడ కార్ఖానా నడిపే దర్జీ యజమానిని ఓస్తాగర్ అంటారు. గుడ్డ తెచ్చేదీ, కత్తిరింపు చూసేదీ, కుట్టే పనివాళ్లకు ముక్కకు ఇంత అని కూలి ఇచ్చేదీ ఆయనే. వారాంతంలో హాట్, అంటే సంత, జరుగుతుంది. బయటి రాష్ట్రాల నుంచి వచ్చిన వ్యాపారులు మూటలకు మూటలు కట్టించుకుంటారు. కొంత చేతికిస్తారు, మిగతాది ఉద్దెర. ఓస్తాగర్ కూడా గుడ్డల వ్యాపారికి అంతే బాకీ. వారం తిరిగేసరికి కూలీలకు డబ్బు పడాలి. గౌను మీద మిగిలేది కొద్ది రూపాయలే కాబట్టి ఈ గొలుసులో ఎక్కడ జాప్యం జరిగినా, ఎక్కడ విలువ తరిగినా ఆ మిగులే ఎగిరిపోతుంది.

ఇందులోకి బిట్‌కాయిన్‌ను దించి చూద్దాం. ఒక వ్యాపారి 20,000 రూపాయల గౌన్లు కొని బిట్‌కాయిన్‌లో ఇస్తానన్నాడు. ఆ ముక్కను ఆయన ఎప్పుడో 12,000కు కొన్నాడు. మన ఆదాయపు పన్ను చట్టం దృష్టిలో ఆయన బట్టలు కొన్నది ఒక పని, వర్చువల్ డిజిటల్ ఆస్తిని అమ్మింది రెండో పని. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలైన నియమం ప్రకారం మధ్యలో వచ్చిన 8,000 లాభం మీద 30 శాతం పన్ను. అంటే 2,400, సెస్సు అదనం. నష్టం వస్తే దాన్ని మరో లాభంలోంచి తీసేయడానికి వీల్లేదు. అక్కడితో అయిపోలేదు. 2022 జులై 1 నుంచి ఇలాంటి బదలాయింపు మీద ఒక శాతం టీడీఎస్ ఉంది. ఇక్కడ డబ్బుకు బదులు బట్టలు చేతులు మారుతున్నాయి కనుక, ఆ 200 రూపాయల పన్ను కట్టారో లేదో చూసుకున్నాకే సరుకు వదలాల్సిన బాధ్యత బట్టలమ్మే ఓస్తాగర్ మీద పడుతుంది. ఏడాదికి 10,000 దాకా, చిన్న టర్నోవర్ ఉన్నవాళ్లకైతే 50,000 దాకా మినహాయింపు ఉంది. టోకు హాట్‌లో ఆ హద్దు ఒక్క పూటలో దాటిపోతుంది. జీఎస్టీ మామూలే. అదే బిట్‌కాయిన్‌ను ఓస్తాగర్ గుడ్డల వ్యాపారికి ఇచ్చాడంటే ఈ తతంగం అంతా మళ్లీ మొదటి నుంచి. పరాయి రాష్ట్రం నుంచి వచ్చిన మనిషి లారీ కట్టించుకునే హడావుడిలో, ఆయన బిట్‌కాయిన్ ఏ ధరకు కొన్నాడు, పన్ను చలానా ఏది అని అడిగే ఓపిక ఏ దర్జీకి ఉంటుంది? చట్టం తెలియక అందరూ తప్పు చేస్తారు. నోటీసు వచ్చేది మాత్రం దుకాణం తలుపు మీద బోర్డు ఉన్నవాడికే.

పన్ను ఎత్తేస్తే సరిపోతుంది కదా అంటారు. సరిపోదు. 2021 నవంబరులో ఒక బిట్‌కాయిన్ 69,000 డాలర్ల దగ్గరికి చేరింది. సరిగ్గా ఏడాదికి 16,000 కిందికి దిగింది. ఓస్తాగర్ కట్టాల్సిన గుడ్డ బాకీ, కూలి, కరెంటు బిల్లు అన్నీ రూపాయల్లో ఉన్నాయి. వాటికి ఎదురుగా ఇలా ఊగే వస్తువును పెట్టుకుంటే అతను దర్జీ కాడు, ఇష్టం లేకుండానే జూదరి. పెరిగే రోజుల్లోనూ అది ఖర్చుకు పనికిరాదు. రేపు పెరుగుతుందనుకున్న దాన్ని ఈ రోజు ఎవరు ఖర్చు పెడతారు? 2010 మే 22న అమెరికాలో ఒక ప్రోగ్రామర్ 10,000 బిట్‌కాయిన్లు ఇచ్చి రెండు పిజ్జాలు తెప్పించుకున్నాడు. క్రిప్టో లోకంలో ఏటా ఆ రోజును పండగలా చేసుకుంటారు. నిజానికి బిట్‌కాయిన్‌తో తిండి కొనకూడదని నేర్పిన రోజది.

2008లో సతోషి నకమోటో పేరుతో వచ్చిన పత్రం దీన్ని ఎలక్ట్రానిక్ నగదు అనే చెప్పింది. పనితీరు ఆ మాట నిలబెట్టలేదు. బిట్‌కాయిన్ గొలుసులో సుమారు పది నిమిషాలకు ఒక దిమ్మె (బ్లాక్) చేరుతుంది. సెకనుకు ఏడు లావాదేవీల దగ్గరే దాని శక్తి ఆగిపోతుంది. రద్దీ పెరిగితే రుసుము పెరుగుతుంది. 2017 డిసెంబరులో సగటు రుసుము 50 డాలర్లు దాటింది. వీడియో గేములు అమ్మే స్టీమ్ ఆ నెలలోనే, ఊగిసలాటనూ రుసుములనూ భరించలేమని బిట్‌కాయిన్ పుచ్చుకోవడం మానేసింది. సాంకేతికత తెలియని సంస్థేమీ కాదది. లైట్నింగ్ లాంటి పైపొరలు వేగాన్ని పెంచాయి, కాదనం. ధర ఊగిసలాటను అవి పట్టి ఆపలేవు. మన దగ్గర యూపీఐ 2023 ఆగస్టులో ఒక్క నెలలో వెయ్యి కోట్ల లావాదేవీలు దాటింది. కొనేవాడికీ అమ్మేవాడికీ రుసుము లేకుండా. పోటీ ఎక్కడుంది?

ఒక దేశం అధికారికంగానే ప్రయత్నించి చూసింది. 2021 సెప్టెంబరు 7 నుంచి ఎల్ సాల్వడార్ బిట్‌కాయిన్‌ను చట్టబద్ధమైన నాణెం చేసింది. ప్రతి దుకాణం పుచ్చుకోవాలంది. ప్రభుత్వ వాలెట్ తెరిచినవారికి 30 డాలర్లు ఉచితంగా ఇచ్చింది. విదేశాల్లో ఉన్నవాళ్లు ఇంటికి పంపే డబ్బుకు రుసుము తగ్గుతుందన్నది పెద్ద ఆశ. 2023లో ఆ దేశానికి వచ్చిన అలాంటి డబ్బులో క్రిప్టో వాటా సుమారు ఒక శాతమే. 2025 జనవరిలో, అంతర్జాతీయ ద్రవ్యనిధితో 140 కోట్ల డాలర్ల ఒప్పందంలో భాగంగా, దుకాణాలు తప్పనిసరిగా పుచ్చుకోవాలన్న నిబంధనను ఎత్తేసింది. అధ్యక్షుడే ప్రచారకర్తగా తిరిగిన చోట కాని పని మెటియాబ్రుజ్‌లోనో, సికింద్రాబాద్ జనరల్ బజార్‌లోనో అవుతుందా?

ఇక డాలరుతో ముడిపెట్టిన స్టేబుల్‌కాయిన్ల మాట. వాటి ధర ఊగదు, అవి వాడుకోవచ్చు అంటారు. ఇది కాస్త బలమైన వాదనే. 2022 మేలో టెర్రా యూఎస్‌డీ ఆ ముడి తెంపుకుని రోజుల్లో కుప్పకూలింది. 2023 మార్చిలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు పడిపోయినప్పుడు, ఎంతో పద్ధతైనదని పేరున్న యూఎస్‌డీసీ కూడా 88 సెంట్ల దాకా జారి మళ్లీ లేచింది. ఇవేవీ జరగకపోయినా అసలు చిక్కు అలాగే ఉంటుంది. మన బజార్లో గౌనుకు డాలరు ధర కట్టి, డాలరు నీడలో చెల్లించడం అంటే రూపాయిని మన ఊళ్లోనే పరాయిదాన్ని చేయడం. అమెరికాలో ఉన్న కొడుకు తల్లికి డబ్బు పంపడానికి అవి చవకైన దారి కావొచ్చు. ఆ దారిని చట్టబద్ధంగా తెరవమని అడిగితే వింటాం. తల్లి ఆ నాణేలతో కూరగాయలు కొనాలనడం వేరు.

గోప్యత కోసం కావాలనేవారూ ఉన్నారు. 2025 జులైలో బెంగళూరులో యూపీఐ లెక్కల ఆధారంగా చిన్న వ్యాపారులకు జీఎస్టీ నోటీసులు రాగానే కొందరు క్యూఆర్ బోర్డులు పీకేసి నగదే ఇవ్వమన్నారు. వాళ్ల భయం మాకు అర్థమవుతుంది. పన్ను శాఖ చిన్నవాళ్లతో వ్యవహరించే తీరు మారాల్సిందే. కానీ బిట్‌కాయిన్‌లో దాక్కోవచ్చనుకోవడం భ్రమ. ఆ చిట్టా లోకమంతా చూడగల చిట్టా. గార్డెన్‌రీచ్ కేసులోనూ ఈడీ వాలెట్ల దాకా వెళ్లగలిగింది. అటు దొంగకూ దాపరికం ఇవ్వదు, ఇటు మోసపోయినవాడికీ అండ ఇవ్వదు. యూపీఐలో మోసం జరిగితే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే డబ్బును దారిలో ఆపే అవకాశమైనా ఉంది. తప్పు చిరునామాకు వెళ్లిన బిట్‌కాయిన్‌ను వెనక్కి రప్పించేవాడు లేడు. 2024 జులైలో వజీర్‌ఎక్స్ ఎక్స్ఛేంజి నుంచి 23 కోట్ల డాలర్లకు పైగా క్రిప్టోను హ్యాకర్లు ఎత్తుకుపోయాక, లక్షల మంది ఖాతాదారులు నెలల తరబడి తమ సొమ్ము తాము తీసుకోలేకపోయారు. అదే వాలెట్ నుంచి ఆ నెల కూలి ఇవ్వాల్సిన ఓస్తాగర్‌ను ఊహించుకోండి.

మోసపోయినవాళ్ల సంగతే ఈ చర్చలో ఎప్పుడూ వెనకబడుతుంది. ఆ నోట్ల కట్టలకు మూలం ఈ-నగ్గెట్స్ అనే ఆట యాప్. ఈడీ చెప్పిన ప్రకారం అది మొదట్లో కమీషన్లు ఇచ్చింది, వాలెట్‌లోని డబ్బు అడిగిన వెంటనే వెనక్కి ఇచ్చింది. నమ్మకం కుదిరి జనం పెద్ద మొత్తాలు పెట్టాక, సిస్టమ్ అప్‌గ్రేడ్ అని ఒకసారి, దర్యాప్తు సంస్థల విచారణ అని ఒకసారి సాకులు చెప్పి చెల్లింపులు ఆపేసింది. చివరికి సర్వర్లలో ఆటగాళ్ల వివరాలే తుడిచేసింది. ఫెడరల్ బ్యాంకు ఫిర్యాదు మీద పార్క్ స్ట్రీట్ పోలీసులు కేసు పెట్టింది 2021 ఫిబ్రవరిలో. మంచం కింద చెయ్యి పెట్టింది పందొమ్మిది నెలలకు. తెలంగాణలో 2020 చివర్లో రుణ యాప్‌ల వేధింపులకు ప్రాణాలు తీసుకున్నవాళ్ల కేసులు ఇంకా మరవలేదు. ఆ యాప్‌ల లాభాలు కూడా క్రిప్టోగా మారి దేశం దాటాయని ఈడీయే చెప్పింది. దుకాణాల్లో క్రిప్టో మామూలు చెల్లింపైపోతే, వీధి వ్యాపారమేది, దొంగసొమ్ము మార్పిడేది అన్న గీత కూడా చెరిగిపోతుంది.

ఈ గందరగోళంలో ఢిల్లీ పాత్ర తక్కువేమీ కాదు. 2018 ఏప్రిల్ 6న రిజర్వు బ్యాంకు బ్యాంకులను క్రిప్టోకు దూరంగా ఉండమంది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఆ సర్క్యులర్‌ను కొట్టేసింది. 2021 శీతాకాల సమావేశాల జాబితాలో చేర్చిన బిల్లు సభ ముందుకే రాలేదు. మరుసటి ఏడాది పన్ను వచ్చింది, పన్ను వేసినంత మాత్రాన చట్టబద్ధం చేసినట్టు కాదన్న వివరణా వచ్చింది. 2023 మార్చిలో ఎక్స్ఛేంజీలను మనీ లాండరింగ్ చట్టం పరిధిలోకి తెచ్చారు, అది మంచి పని. అయినా బట్టల కొట్టువాడు బిట్‌కాయిన్ పుచ్చుకోవచ్చా అని అడిగితే సూటి జవాబు లేదు. పన్ను వసూలు చేసుకునేంత గుర్తింపు ఉంది, వినియోగదారుణ్ని కాపాడేంత గుర్తింపు లేదు. ఇది పరిపాలన కాదు, వాటం చూసుకోవడం.

కనుక పార్లమెంటు చేయాల్సిన పని పెద్దదేమీ కాదు. సరుకులకు, సేవలకు, జీతాలకు, కూలికి క్రిప్టోలో చెల్లింపు చెల్లదని రాయాలి. ఉల్లంఘనకు శిక్ష దుకాణదారుకు కాకుండా, అలాంటి చెల్లింపు సదుపాయాన్ని వ్యాపారంగా అమ్మే సంస్థకు పడాలి. దాచుకునేవారి కోసం ఎక్స్ఛేంజీలకు లైసెన్సు, ఖాతాదారుల సొమ్ము వేరుగా ఉంచే నియమం ఉండాలి, హ్యాకింగ్ జరిగితే బాధ్యత ఎవరిదో తేలాలి. డిజిటల్ నోటు కావాలంటే రిజర్వు బ్యాంకు ఈ-రూపాయి 2022 డిసెంబరు 1 నుంచి ప్రయోగంలో ఉంది. దాన్ని నెట్ లేని చోట, చిన్న ఫోన్లలో పనిచేసేలా చేయడం మీద పడాలి ఆ ఉత్సాహమంతా.

స్తంభింపజేసిన బిట్‌కాయిన్ల సంగతి కూడా తేలాలి. 12.83 కోట్లకు లెక్కగట్టిన ఆ 77 బిట్‌కాయిన్లను అలాగే ఉంచి ఉంటే, ధర లక్ష డాలర్లు దాటిన 2024 డిసెంబరులో వాటి విలువ అరవై కోట్లు దాటి ఉండేది. మనీ లాండరింగ్ చట్టంలోని 8వ సెక్షన్ బాధితులకు సొత్తు తిరిగి ఇవ్వడానికి వీలు కల్పిస్తోంది. పెరిగిన విలువ ఖజానాకు చేరే ముందు, యాప్‌లో డబ్బు పోగొట్టుకున్న ప్రతి ఒక్కరికీ పోయినదంతా వడ్డీతో అందాలి. విచారణ ముగిసే దాకా ఆగకుండా, ప్రత్యేక కోర్టు అనుమతితో ఈడీ ఆ పని మొదలుపెట్టాలి.